కండూతిహరం: ఒక నల్లేరు పద్యానికి టీకా తాత్పర్యం

తే.గీ. లేత నల్లేరు కాడలు కోత కోసి,
చేతి కింతగ నూనియ చేర్చి, నార
తీసి, బాగుగా వేయించి, తింత్రిణినిడి
నూరి తినరయ్య, గొంతుక నొవ్వకుండ!

అవతారిక: కంచె మీదా, జెముడు పొద మీదా, ఆఖరికి అపార్ట్‌మెంటు బాల్కనీలోని ఖాళీ పెయింటు డబ్బాలోనూ పెరిగే నల్లేరును పచ్చడిగా మార్చే విధానం కవి ఒక్క తేటగీతిలో ఉపదేశిస్తున్నాడు. కవీ వ్యాఖ్యాతా ఒక్కరే గనుక కవిహృదయం గురించి తగాదా ఉండకూడదు. ఉంది. కవి పద్యం ముగించి భోజనానికి లేచాడు. వ్యాఖ్యాత కత్తిపీట ముందు కూర్చోవలసి వచ్చింది.

టీక: లేత = తీగ కొస నుంచి రెండు మూడు కణుపుల లోపున్నవి, గోటితో గిల్లితే తెగేవి; నల్లేరు = నాలుగు పలకల కాడ గలది, వజ్రవల్లి, అస్థిసంహారం (భయం వద్దు, ఇక్కడ సంహరించడమంటే విరిగిన ఎముకను ఒకచోట చేర్చడమే); కోత కోసి = కోసి. ‘కోత’ ప్రాసయతి కోసం వచ్చింది, క్షంతవ్యం; చేతి కింతగ = ‘ఇంత’ అన్నప్పుడు కవి వేళ్లతో ఏదో చూపించి ఉంటాడు, పాఠకుడికి కనపడదు గనుక అరచెంచా అని గ్రహించాలి; నూనియ = నువ్వుల నూనె; నార = పలకల అంచుల వెంబడి సాగే పీచు; తింత్రిణి = చింతపండు. వంటింట్లో ఈ మాట ఎవరూ అనరు గాని, ‘తీసి’తో యతి కుదిరే చింతపండు కవికి ఇదొక్కటే దొరికింది; నూరి = రోట్లో. ‘మిక్సీలో’ అని పాఠాంతరం, ఛందస్సుకు చాలదు గాని ఆచరణలో అదే ఉంది.

‘కాడలు’ అన్నాడు, ఆకుల మాట ఎత్తలేదు. ఇది లోపం కాదు. నల్లేరుకు కణుపు దగ్గర ఒక చిన్న ఆకు వస్తుంది, ఎక్కువ రోజులు నిలవదు. దానికి ఎదురుగా నులితీగ పుట్టి దొరికినదాన్ని చుట్టుకుంటుంది. ఈ నులితీగ చూస్తే చుట్టరికం తెలుస్తుంది: 1767లో లిన్నేయస్ సిస్సస్ క్వాడ్రాంగ్యులారిస్ అని పేరు పెట్టిన ఈ తీగ ద్రాక్ష కుటుంబానిది. ఆకు రాలిపోతే దాని పని కాడకు పడుతుంది. ఎండలో రంధ్రాలు తెరిస్తే ఒంట్లో నీరంతా పోతుంది కనుక రాత్రిపూట తెరిచి, కార్బన్ డయాక్సైడు పీల్చి, దాన్ని ఆమ్లంగా మార్చి దాచుకుంటుంది. పగలు తలుపులు వేసుకుని ఆ నిలవతో వంట చేసుకుంటుంది.

ఈ రహస్యాన్ని మొదట పసిగట్టినవారిలో ఒకాయన మన సామర్లకోట తోటను కొంతకాలం చూసుకున్నవాడు కావడం వ్యాఖ్యాతకు గర్వకారణం. ఈస్టిండియా కంపెనీ కొలువులోని బెంజమిన్ హైన్ రణపాల ఆకును పొద్దున నమిలితే పులుపనీ, మధ్యాహ్నానికి చప్పబడుతుందనీ, సాయంత్రానికి చిరుచేదు అవుతుందనీ లండన్ లినియన్ సొసైటీకి రాశాడు. అది 1815లో అచ్చయింది. యంత్రం లేదు, నాలుకే సాధనం. అయితే ఆ పరీక్ష నల్లేరు మీద చేయరాదు. కారణం రెండో పాదంలో ఉంది.

‘చేతి కింతగ నూనియ.’ నల్లేరు కాడలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేటు స్ఫటికాలుంటాయి. కందకూ చేమకూ దురద పెట్టే గుణం ఇలాంటి సూదులతోనే. నూనె లేకుండా నార తీసినవాడు ఆ పూట పద్యం వినే స్థితిలో ఉండడు. కాల్షియం అంతుంది కాబట్టే ఎముకలకు మంచిదని కొందరంటారు. వాళ్లు సగమే చదివారు. ఆక్సలేటుతో ముడిపడిన కాల్షియం ఒంటికి పెద్దగా పట్టదు. మరి అస్థిసంహారమన్న పేరు ఉత్తిదేనా? కాదనే చెప్పాలి: 1960లలో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో కె.ఎన్. ఉడుప, జి.సి. ప్రసాద్ జంతువుల మీద చూసి, విరిగిన ఎముక త్వరగా అతుక్కోవడానికి నల్లేరు తోడ్పడుతుందని ప్రకటించారు. కాలు విరిగినవాడు పచ్చడి తినవచ్చు, కట్టు కట్టించుకున్న తర్వాత. కిడ్నీలో రాళ్లున్నవాడు డాక్టరును అడగకుండా ఈ పద్యం జోలికి పోరాదు.

ఇక వివాదం. కోసి, చేర్చి, తీసి, వేయించి, ఇడి, నూరి – ఇవన్నీ క్త్వార్థకాలు. వ్యాకరణ నియమం ప్రకారం వీటికీ చివరి క్రియకూ కర్త ఒక్కడే అయి ఉండాలి. చివరి క్రియ ‘తినరయ్య’. అనగా తినే అయ్యే కోయాలి, ఆయనే నార తీయాలి, పొయ్యి దగ్గర ఆయనే నిలబడాలి. లోకంలో ఇలా జరగడం లేదని పూర్వపక్షం: కోసేది అత్తగారు, నార తీసేది కోడలు, ‘ఉప్పు తగ్గింది’ అనేది అయ్య. కావున పద్యంలో వ్యాకరణదోషం ఉందంటారు. సిద్ధాంతం ఏమంటే, పద్యం నిర్దుష్టం, దోషం ఇంట్లో ఉంది. ఈ నిర్ణయాన్ని మా ఇంట్లో పైకి చదవగా ఏకగ్రీవంగా ఆమోదం లభించింది, చేతికి నూనె గిన్నె కూడా అందింది.

నాటడం గురించి కవి ఒక్క మాటా అనలేదు. అనవలసినంత లేదు. రెండు మూడు కణుపుల ముదురు కాడ తెచ్చి, తెగిన మొన ఒకటి రెండు రోజులు నీడన ఆరనిచ్చి, ఒక కణుపు మట్టిలో మునిగేలా గుచ్చితే చాలు. చచ్చిందంటే నీళ్లు ఎక్కువ పోసి చంపినదే. ‘నల్లేరు మీద బండి నడక’ అన్న నానుడి పెంపకం వరకు నిజం. వంట దగ్గర బండి దిగి నడవాలి.

‘బాగుగా వేయించి.’ పద్యానికి ప్రాణం ఈ మాట. ముక్కల్లో పచ్చదనం పూర్తిగా పోయి, ముడుచుకుని, గోధుమరంగుకు తిరిగేదాకా సన్న సెగన నూనెలో ఉంచాలి. తొందరపడితే సూదులు గొంతులో లెక్క తేలుస్తాయి. మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, చివర బెల్లం ముక్క ఇవన్నీ అధ్యాహారం, అంటే కవి మరిచిపోయినవి. చింతపండు మామూలు పచ్చడికన్నా కాస్త ఎక్కువే పడాలి.

ఆబ్దికం నాటి భోజనంలో ఈ పచ్చడికున్న హోదా చెప్పకపోతే వ్యాఖ్యకు పరువు దక్కదు. కాకర నూరు కూరల పెట్టు, నల్లేరు మూడు నూర్లు, పనస ఆరు నూర్లు అని సంప్రదాయంలో ఒక లెక్క ఉంది. విశ్వామిత్రుడు వెయ్యెనిమిది కూరలతో పెట్టమంటే అరుంధతి ఈ మూడూ వడ్డించి, పైన ఎనిమిది చేర్చి లెక్క సరిపెట్టిందని కథ. మునులతో వేగిన ఇల్లాలికే ఇంతటి గణితం తెలుస్తుంది.

తాత్పర్యం: స్పష్టం.

‘నొవ్వకుండ’ అని కవి అభయమిచ్చినా, వేపుడు చాలక గొంతు గీరినవాడికి పెరుగన్నం పెట్టాలి. ఆ సంగతి మూలంలో లేదేమంటే తేటగీతికి నాలుగే పాదాలు. మాలికగా పొడిగించవచ్చుగదా అంటే, అప్పటికే పచ్చడి అయిపోయింది.