సభ ఎందుకో ఫ్లెక్సీవాడికి తెలుసు

జూపాడు బంగ్లా మండలంలో సభ పెట్టదలుచుకున్నవాళ్లు ముందుగా షామియానా మాట్లాడుకోవాలి, ఆపైన శాలువాలు. శాలువాల లెక్క తేలితే అతిథులెందరో తేలుతుంది. సభ దేనికన్నది మాత్రం ఫ్లెక్సీ కొట్టేవాడు "పైన ఏం రాయమంటావన్నా?" అని అడిగేదాకా ఎవరికీ గుర్తురాదు. "రైతు అవగాహన సదస్సు అని ఏసేయబ్బా" అంటారు. దేని మీద అవగాహన అని అతనూ అడగడు. అడిగినా రాయడానికి చోటుండదు, చుట్టూ ఫొటోలే.

తెల్లారి సమీక్ష కూడా పద్ధతిగానే జరుగుతుంది. "సభ ఎట్లయిందబ్బా?" "బ్రహ్మాండం! పది కొట్టేసరికి ఉగ్గాని అయిపోయింది, బజ్జీ రెండోసారి ఏయించినాం."

సభకు లక్ష్యం రాస్తే ఒక చిక్కుంది. ఇదే మండలంలో పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ ఉంది. శ్రీశైలం నీళ్లు తీసుకోవడం దాని పని. మొదట 11,500 క్యూసెక్కులన్నారు, తర్వాత 44,000 అన్నారు, 2020 మే నెల జీవోలో 80,000 అన్నారు. అంకె వేసిన పాపానికి రెండు రాష్ట్రాలు ఇప్పటికీ తగువులాడుకుంటున్నాయి. అదే "రైతాంగంలో చైతన్యం తేవడం" అని రాసి ఉంటే ఏ ట్రిబ్యునల్ కొలుస్తుంది?

అంకె తప్పదనుకుంటే సభల మీదే వేయడం క్షేమం. 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతటా 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. ఉపాధి హామీ పనులకు ఆమోదం తెలపడం ఉద్దేశం. మంచి ఉద్దేశమే, అందులో నాకు పేచీ లేదు. అయితే వరల్డ్ రికార్డ్స్ యూనియన్ పత్రం ఇచ్చింది సభలు జరిగినందుకు. కాలువలో పూడిక తీసినందుకు ఇచ్చే రికార్డు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

శంకుస్థాపన ఇంకా హాయి. 2017లో ఈ మండలంలోని తంగడంచలోనే మెగా సీడ్ పార్కుకు శంకుస్థాపన చేశారు. అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీ తోడుంటుందన్నారు. ఆ రోజు కార్యక్రమం పేరు శంకుస్థాపన, అది నూటికి నూరుపాళ్లూ నెరవేరింది. విత్తనం మొలవడం వేరే కార్యక్రమం. దానికి వేరే ఆహ్వాన పత్రిక వేయాలి.

ఇంత పకడ్బందీగా నడిచే సభలోనూ ఎవడో ఒకడు వెనక వరసలో లేస్తాడు. "సార్, కేసీ కాలువకు నీళ్లు ఏ తేదీ దాకా ఇడుస్తారు?" వేదిక మీద ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అంత స్పష్టమైన ప్రశ్న సభామర్యాద కాదు. "అది నీళ్ల శాఖోళ్లు చెప్పాలప్పా, కూచో" అంటారు. మరి వాళ్లను పిలవలేదేమని నిర్వాహకుణ్ని పక్కకు పిలిచి అడిగాను. పిలిస్తే వాళ్లు తేదీలు చెప్పేస్తారట. తేదీలు చెప్పాక ఇక జనం ఉపన్యాసాలకు కూర్చోరట.