రిబ్బను కోసిన చేతులు గడ్డి కోస్తాయా?

ముందు ఆవు నుదుట బొట్టు. తర్వాత మెడలో దండ. ఆపైన నేతగారి చేతిలో అరటిపండు, ఆవు నోట్లో అరటిపండు, ఫొటోలో ఇద్దరూ. రిబ్బను తెగింది. శిలాఫలకం మీద పేర్లు మెరిశాయి. గోశాల మొదలైంది. చప్పట్లు!

మర్నాడు పొద్దున ఆ ఆవుకు గడ్డి వేసేదెవరు? శుభమా అని ప్రారంభోత్సవం జరుగుతుంటే ఆ అపశకునం మాటలేంటండీ?

మన దగ్గర శాల కట్టడం పుణ్యం. నడపడం పక్కవాడి పని. పుణ్యం ఒక్క పూటలో వచ్చేస్తుంది. పేడ మాత్రం రోజూ వస్తుంది.

నమ్మరా? మా మణుగూరు రండి. మీరే ఒక శాల పెట్టి చూడండి. వట్టిపోయిన ఆవులు, కాలు విరిగిన ఎద్దులు, పుట్టడమే నేరమైన దున్నదూడలు... దేనికీ కొదవలేదు. రాత్రిపూట రోడ్డెక్కితే చాలు. వెచ్చటి తారు మీద పడుకుని నెమరేస్తుంటాయి. చెవులకు పసుపు ట్యాగులు, వాటి మీద పన్నెండంకెల నంబర్లు. ఎదురుగా బొగ్గు టిప్పర్లు. నంబరుందంటే సర్కారు లెక్కలో ఉన్నట్టే కదా? టిప్పరు గుద్దాక ఆ నంబరు పట్టుకుని యజమానిని వెతికిన మారాజును ఒక్కణ్ని చూపించండి.

సరే, శాలకు జాగా కావాలి. ఒకపక్క సింగరేణి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనులు, వాటి వెనక తవ్విపోసిన మట్టి గుట్టలు. ఇంకోపక్క 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్. అటు అశ్వాపురంలో భారజల కర్మాగారం. మిగిలిందాంట్లో అడవి ఫారెస్టువాళ్లది. చేలు ఆదివాసీలవి. వాటిని గిరిజనేతరులు కొనకుండా 1/70 చట్టం ఉంది, ఉండి తీరాలి కూడా. బొగ్గుకు భూమి దొరికింది. బూడిదకూ దొరికింది. బర్రెకు ఊళ్లో బందెలదొడ్డి కూడా మిగల్లేదు. గనుల వల్ల నష్టపోయినవాళ్ల కోసం 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉంది. మేత బీడు పోయిన పశువు నష్టపోయినట్టు కాదా? పాపం, దానికి ఓటు లేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. పెద్ద పశువుకు రోజుకు ఎనిమిది నుంచి పది కిలోల ఎండుమేత కావాలి. నలభై లీటర్లకు తగ్గకుండా నీళ్లు, మా ఎండల్లో ఇంకా ఎక్కువ. వంద తలలంటే రోజుకు దగ్గర దగ్గర టన్ను మేత, నాలుగు వేల లీటర్ల నీళ్లు. ఎత్తిపోయాల్సిన పేడ టన్ను పైమాటే. దీనికి పండగ సెలవు లేదు, ఎన్నికల కోడ్ లేదు. లేవలేని ఎద్దును పూటపూటకూ పక్క మార్చి పడుకోబెట్టాలి, లేదంటే కిందిపక్క కండ చచ్చిపోతుంది. ముక్కుతాడు కోసిన పుండులో పురుగులు పడితే టర్పెంటైను నూనె చుక్కలేసి, పట్టకారుతో ఒక్కొక్కటే ఏరాలి. ఎద్దు తల విదిలిస్తుంది. చీము మొహాన పడుతుంది. ఆ పూట ఫొటోగ్రాఫరు రాడు. నేతగారు అసలే రారు.

వరదొస్తే? 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మనుషులకు పునరావాస కేంద్రాలు తెరిచారు. పశువుకు దక్కిన పునరావాసం ఒక్కటే, మెడలో తాడు విప్పడం. ఈదితే బతికింది, లేకపోతే లేదు.

చట్టం లేదా అంటారా? భేషుగ్గా ఉంది. లారీలో ఆరు పశువులకు మించి ఎక్కించకూడదని 1978 నాటి నిబంధన. పట్టుబడ్డ కంటైనరు ఫొటో ఏదైనా తీసి లెక్కపెట్టండి. కొమ్ములు, కాళ్లు కలగలిసిపోయి లెక్క మీకే తేలదు. జంతుహింస నివారణ చట్టం 1960లో వచ్చింది. మొదటిసారి దొరికితే జరిమానా పది నుంచి యాభై రూపాయలు. అవును, రూపాయలే. ప్లేటు ఇడ్లీ ధర పెరిగింది, హింస ధర పెరగలేదు. పెంచుతామంటూ 2022 నవంబరులో సవరణ ముసాయిదా పెట్టారు. అది చట్టమయ్యేలోపు, 1960 నాటి ఆ చట్టం కిందే పుట్టిన జంతు సంక్షేమ బోర్డు ఒక గొప్ప పని చేసింది. 2023 ఫిబ్రవరి 14న అందరూ ఆవును కౌగిలించుకోండని పిలుపిచ్చింది. దేశమంతా నవ్వితే నాలుగు రోజుల ముందే వెనక్కి తీసుకుంది. గడ్డికి డబ్బులు కావాలి. కౌగిలి ఫ్రీ!

ఇక మన రాజన్న గుడి దగ్గరికి పోదాం. వేములవాడలో కోడె మొక్కు తరతరాల నమ్మకం. కోడె తాడు పట్టుకుని గుడి చుట్టూ తిరిగి కట్టేస్తారు. దానికి టికెట్టు. ఎవరైనా కోడెను సమర్పిస్తే అది దేవుడిది. దేవుడి కోడెకు ఏ లోటూ ఉండకూడదు కదా? 2025 మే నెలాఖరులో, జూన్ మొదట్లో తిప్పాపూర్ గోశాలలో ఆ కోడెలే వరసగా చచ్చిపోయాయి. పట్టేదానికి మించి కుక్కారు. వానకు కొట్టాలు బురదగుంటలయ్యాయి. గోల రేగాక కోడెల్ని రైతులకు పంచారు. అంతకుముందు పంచిన కోడెలు పక్కదారి పట్టాయని 2024 డిసెంబరులోనే ఒక రచ్చ నడిచింది మరి!

ఆ జూన్‌లోనే ముఖ్యమంత్రి సమగ్ర విధానం అన్నారు. ముగ్గురు అధికారుల కమిటీ అన్నారు. నాలుగు చోట్ల అధునాతన గోశాలలు అన్నారు. మొయినాబాద్ మండలం ఎన్కేపల్లిలో గోశాలకు భూమి అనగానే రైతులు రోడ్డెక్కారు. ఎద్దుకు కొట్టం కట్టాలంటే ఎద్దును మేపిన చేతుల్లోంచే నేల లాగాలా?

ఆంధ్రావాళ్లు నవ్వకండి. 2019 ఆగస్టులో విజయవాడ పక్కన కొత్తూరు తాడేపల్లి గోశాలలో రాత్రికి రాత్రి వంద దాకా ఆవులు చచ్చిపడ్డాయి. సిట్ వేశారు. 2025 ఏప్రిల్‌లో తిరుపతి గోశాలలో ఆవులు చచ్చాయని ఒక పక్షం, అబద్ధమని ఇంకో పక్షం. సవాళ్లు, ప్రతిసవాళ్లు. ఆ వారంలో ఆవుల నోట్లోకి పోయిన గడ్డి కంటే మైకుల్లోకి పోయిన గాలే ఎక్కువ. చచ్చిన ఆవు ఏ పార్టీదో తేలితే తప్ప మనకు ఏడుపు రాదు.

ఆవుకే ఈ గతి పడితే గొర్రెనెవడు అడుగుతాడు? 2017లో తెలంగాణలో గొర్రెల పంపిణీ మొదలైంది. ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు, 75 శాతం సబ్సిడీ. కాగ్ వాళ్లు వచ్చి బిల్లులు తిరగేస్తే గొర్రెల్ని మోసిన బండ్ల నంబర్లలో బైకులున్నాయి, ఆటోలున్నాయి, అంబులెన్సులు కూడా ఉన్నాయి. మేత ఎవరికీ అందలేదని ఎవరన్నారు? అందింది. మేసింది రెండుకాళ్ల జాతి.

రైతును తిట్టకండి. ట్రాక్టరుకు సబ్సిడీ ఇచ్చి ఎద్దును ఇంట్లోంచి పంపించింది సర్కారే. ఇప్పుడు మగదూడ అసలు పుట్టకుండా లింగ నిర్ధారిత వీర్యం పంచుతున్నదీ సర్కారే. 1977 చట్టం ఆవును, దాని దూడను కోయొద్దంది. ఎద్దుకు, బర్రెకు మాత్రం ‘ఇక పనికిరాదు’ అని అధికారి సర్టిఫికెట్ ఇస్తే చాలంది. అమ్మొద్దు, వదలొద్దు, మేపడానికి పైసా ఇవ్వం. మరి రైతేం చేయాలి? నెత్తిన పెట్టుకోవాలా?

చేతనైనవాళ్లు లేరా? ఉన్నారు. పుట్టపర్తిలో కరుణ సొసైటీ ఆవుల కడుపులు కోసి పదుల కిలోల ప్లాస్టిక్ సంచులు బయటికి తీసింది. అంతటితో ఊరుకోలేదు, 2012లో సుప్రీంకోర్టు మెట్లెక్కింది. విశాఖలో 1996 నుంచి వీఎస్‌పీసీఏ అనే సంస్థ వీధికుక్కతో పాటు దూడను, ఎద్దును కూడా సాకుతోంది. వీళ్లు చేస్తున్నది పేడెత్తడం, పుండు కడగడం, రేపటి గడ్డికి ఇవాళే అప్పోసప్పో చూసుకోవడం. కోట్ల హుండీలున్న గుళ్లకు, కోట్ల బడ్జెట్లున్న శాఖలకు చేతకానిది ఇదే.

కాబట్టి అయ్యా, ఈసారి మీ ఊళ్లో గోశాల ప్రారంభోత్సవానికి పిలిస్తే తప్పకుండా వెళ్లండి. అరటిపండు తీసుకెళ్లొద్దు, ప్రశ్నలు తీసుకెళ్లండి. వచ్చే నెల గడ్డి బిల్లు ఎవరి పేరు మీద? డాక్టరు వారానికి ఎన్నిసార్లు వస్తాడు? పోయిన ఏడాది ఎన్ని వచ్చాయి, ఎన్ని చచ్చాయి, ఆ రిజిస్టరు ఏది? దేవాదాయ శాఖ గోశాలయితే సమాచార హక్కు కింద రాసివ్వండి. దరఖాస్తు ఫీజు మహా అయితే పది రూపాయలు. పశువును హింసించినవాడు కట్టే కనీస జరిమానా కూడా అంతే. వాడు కట్టేలోపు మీరు కట్టండి.