మా తాతను ఎవరూ అడగలేదు

'వచ్చినచోటికి పంపించెయ్యాలి' అని, మా అడవుల్లోకి వలస వచ్చిన గుత్తికోయ ఆదివాసుల గురించి ఏళ్ల తరబడి అన్నాను. బయ్యారంలో మిర్చి వేసే రైతును. నాలుగక్షరాలు చదువుకున్నవాణ్ణని ఊళ్లో నా మాట వింటారు. ఆ విన్నవాళ్లు ఇంకా అదే మాట అంటున్నారు. అందుకే నా తెలివితక్కువతనం నేనే చెప్పుకోవాలి.

నా వాదన ఇదీ. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్లు, మనవాళ్లు కారు. అడవి నరికి పోడు కొడుతున్నారు. వాళ్లలో ఎవరు ఎవరో, ఎవరు అన్నలకు, అంటే మావోయిస్టులకు, అన్నం పెడుతున్నారో ఎవరికి తెలుసు? ఈ భయాలన్నీ ఉత్తవని ఇప్పుడూ అనను. అడవి నిజంగానే పోయింది. 2022 నవంబరులో చండ్రుగొండ మండలం ఎర్రబోడు గుత్తికోయ గూడెం దగ్గర ప్లాంటేషన్ కాపాడబోయిన ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్‌ను నరికి చంపారు. ఘోరం. ఇద్దరు గుత్తికోయలకు కోర్టు తర్వాత యావజ్జీవ శిక్ష వేసింది. కానీ ఆ గూడెం మొత్తాన్ని వెళ్లగొట్టాలని పంచాయతీ తీర్మానించిందని పేపర్లో చదివినప్పుడు నేను సంతోషపడ్డాను. పాలు తాగే పిల్లలకూ ఆ నేరంలో వాటా వేస్తున్నామని తట్టలేదు.

అదే నోటితో అమెరికాను తిట్టేవాణ్ణి. మా అన్న కొడుకు అక్కడ హెచ్‌-1బి వీసా మీద ఉన్నాడు. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడి, మన పిల్లల కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారంటే రక్తం ఉడికింది. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలో 'మా దేశం నుంచి పొండి' అని అరుస్తూ ఒకడు కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపాడు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బికి లక్ష డాలర్ల ఫీజు పెట్టినప్పుడు హోటల్ దగ్గర నిలబడి అడిగాను: 'పనికి మనవాళ్లు కావాలి, బతకడానికి మాత్రం వద్దా?'

మరి నా చేలో ఫిబ్రవరి నుంచి మిర్చి ఏరేది ఎవరు? సుక్మా, బీజాపూర్ నుంచి వచ్చిన కూలీలే. కల్లం పక్కన పరదా కట్టుకుని ఉంటారు. ఏరుడయ్యాక వాళ్లు ఎక్కడికి పోతారో నేనెప్పుడూ అడగలేదు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ, ములుగు జిల్లా పేరూరు మిర్చి తోటల నుంచి బీజాపూర్‌లోని సొంతూరికి నడిచిపోతూ పన్నెండేళ్ల పిల్ల ఇంటికి దగ్గర్లోనే చనిపోయింది. పన్నెండేళ్ల పిల్ల మిర్చి కూలికి ఎందుకొచ్చిందని అప్పుడు కూడా నేను ఆలోచించలేదు. జాలిపడి ఊరుకున్నాను.

నన్ను కదిపింది మా తాత భూమి కాగితాలు. ధరణి పోర్టల్ వచ్చాక పాత పహాణీలు వెతుకుతుంటే కనబడ్డాయి. తాతది తిరువూరు వైపు. ఆయన వచ్చేనాటికి తిరువూరు మద్రాసు రాష్ట్రంలో ఉంది, బయ్యారం హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. అంటే ఆయన కూడా రాష్ట్రం దాటి వచ్చినవాడే. ప్రాణభయంతో కాదు, ఇక్కడ భూమి చవకని వచ్చాడు. కోయల దగ్గర కొన్నాడు, అడవి కొట్టి చదును చేశాడు. 'నువ్వెవరు, ఎక్కడివాడివి' అని ఎవరూ అడగలేదు. మాలాంటి వాళ్ల చేతుల్లోకి ఏజెన్సీ భూములు పోకుండా ఆపడానికే 1970లో 1/70 చట్టం తేవలసి వచ్చింది. ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్లు తమ వాటా తింటారని ఇక్కడి కోయలు భయపడుతున్నారంటే అర్థముంది. వాళ్లు మా వల్ల ఒకసారి పోగొట్టుకున్నారు. నాకు 'పంపించెయ్యాలి' అనే హక్కెక్కడిది?

గుత్తికోయలు ఎందుకొచ్చారో తర్వాత తెలుసుకున్నాను. 2005 జూన్‌లో దంతేవాడ ప్రాంతంలో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలైంది. ఒకవైపు జుడుం, పోలీసులు, ఇంకోవైపు మావోయిస్టులు. మధ్యలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. మామూలు ఆదివాసులకు తుపాకులిచ్చి పోరుకు దింపడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులైలో సుప్రీంకోర్టు చెప్పేనాటికి, గోదావరి దాటినవాళ్లు ఇక్కడ గుడిసెలు వేసుకున్నారు. అటవీ హక్కుల చట్టం గిరిజనుల్లో 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్నవాళ్లకే పట్టా ఇస్తుంది. తరుముడు మొదలైన ఆరు నెలలకే గడువు ముగిసిందన్నమాట. ఎస్టీ సర్టిఫికెట్ కూడా అంతే. అక్కడ ఎస్టీ అయినవాడు వలస వచ్చిన రాష్ట్రంలో కాదు. తెనాలిలో పుట్టి చిన్నప్పుడే బొంబాయి వెళ్లిన గిరిజన విద్యార్థికి మెడికల్ సీటు విషయంలో 1990లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. చట్టం అలా ఉంది. కానీ గోదావరి ఇవతలికి రాగానే మనిషి భాష, దేవర, పేదరికం ఏవీ మారవు.

2017లో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీ సిబ్బంది గుత్తికోయల గుడిసెలు కూల్చారు. వాళ్లను ఖాళీ చేయించవద్దని హైకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. అప్పుడు కూడా నేను అటవీ శాఖ పక్షమే మాట్లాడాను.

సరిహద్దులో కాపలా ఉండొద్దని అనడం లేదు. అడవి ఇంకా నరకనివ్వకూడదు, నరికినవాడి మీద కేసు పెట్టాలి. కానీ ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నవాళ్ల పిల్లలకు బోరు నీళ్లు, అంగన్‌వాడీ, బడి, ఏదో ఒక ధ్రువపత్రం ఇవ్వకపోవడం భద్రత కాదు, అన్యాయం. కాన్సస్‌లో మనవాడి ప్రాణం ఎంతో, ఈ గూడెంలో వాళ్ల ప్రాణమూ అంతే.

మిర్చి రైతులకు నాదొక్క మనవి. ఈ ఫిబ్రవరిలో కూలీలు దిగగానే మేస్త్రీకి కాదు, ఎవరి కూలి వాళ్ల చేతికే ఇవ్వండి. వెంట వచ్చిన పిల్లల పేర్లు రాసుకుని, ఏరుడు అయ్యేదాకా వాళ్లను మన ఊరి బడిలో కూర్చోబెట్టమని హెడ్మాస్టర్ని అడగండి. నేనూ మీతో వస్తాను.