బఫర్ స్టాకు మనిషే

ఇంజినీరింగ్‌లో మెకానికల్ చదివే పిల్లలకు ఉత్పత్తి ప్రణాళిక అని ఒక పాఠం ఉంది. గిరాకీని ముందే అంచనా కట్టే సూత్రాలు అందులో పేజీల కొద్దీ. జగిత్యాల జిల్లా నాచుపల్లిలో జేఎన్టీయూ కాలేజీ ఒకటి, 2021 నుంచి సిరిసిల్లలో ఇంకొకటి. పరీక్షలో అంచనా తప్పితే పిల్లలకు మార్కులు కోస్తారు. సర్కారుకు కోసేవాడు లేడు.

బతుకమ్మ ఎప్పుడొస్తుందో చెప్పడానికి సూత్రమెందుకు? భాద్రపద అమావాస్యకు వస్తుంది. పంచాంగం తెలిసిన ఏ అయ్యగారైనా యాభై ఏళ్ల తేదీలు కూర్చున్నచోటే రాసిస్తాడు. పండగకు సర్కారు పంచే చీరలు ఎందరికివ్వాలో రేషన్ కార్డుల్లోనే ఉంది. ఇంత నికరమైన గిరాకీ టయోటా వాడికి కలలో కూడా దక్కదు. అయినా 2017లో, బతుకమ్మ చీరల పథకం తొలి ఏడే, సిరిసిల్ల నేత పండగకు అందలేదు. కొంత సరుకు సూరత్ నుంచి దిగింది. నాణ్యత చూసి కొన్ని ఊళ్లలో ఆడవాళ్లు ఆ చీరలకు నిప్పు పెట్టారు.

తర్వాత సిరిసిల్ల సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆ సర్కారు ఆర్డరుకే అలవాటు పడ్డాయి. వేలాది సాంచెలు, కొనే పెద్దచెయ్యి ఒక్కటే. పాఠంలో దీన్ని ముప్పు అంటారు. సభల్లో ఉపాధి అన్నారు. దిగిపోయిన ప్రభుత్వం కోట్ల బకాయిలు వదిలిపోయింది, ఎక్కిన ప్రభుత్వం 2024లో బతుకమ్మ చీరలే ఆపింది. నింద పక్కవాడి మీదికి తోయడంలో మాత్రం ఇద్దరికీ టయోటా వాడి జస్ట్ ఇన్ టైమ్, సరిగ్గా వేళకు అందించే విద్య, బాగా వచ్చు. ఇప్పుడు మహిళా సంఘాల చీరలట. చీర పేరు మారింది, కొనేవాడు మారలేదు.

గోదాములో సరుకు పేరుకోవద్దన్నది ఇంకో పాఠం. కోరుట్ల వైపు బీడీ కంపెనీలకు అది చదవకుండానే వంటబట్టింది. గిరాకీ తగ్గితే నెలలో సగం రోజులే పని. ఇచ్చిన తునికాకు వెయ్యి బీడీలకు చాలకపోతే తక్కువపడ్డ ఆకు బీడీలు చుట్టే అక్కే బయట కొనుక్కోవాలె. కంపెనీ ఖాతా శుభ్రం.

ఫ్యాక్టరీని ముడిసరుకు పక్కనే కట్టమంటుంది మరో అధ్యాయం. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీని చెరకు తోటల మధ్యే కట్టారు. 2015 డిసెంబరులో తాళం వేశారు. మూయొద్దని ఏ అధ్యాయంలోనూ లేదు కదా!

ఆలస్యాలను తట్టుకోవడానికి కొంత సరుకు పక్కన పెట్టుకోవాలంటారు, బఫర్ స్టాకు అని. ఇక్కడ ఆ ఖర్చు దండగ. ఆర్డరు ఆగితే కార్మికుడు పస్తుంటాడు, బిల్లు ఆగితే సాంచెల ఆసామి మిత్తికి తెస్తాడు. ఆ మనుషుల నిల్వ అడుగంటిన ఏళ్లలోనే సిరిసిల్లను ఉరిసిల్ల అన్నారు.

పండగకు ఎన్నాళ్ల ముందు ఆర్డరివ్వాలో చెప్పడానికి సచివాలయానికి కన్సల్టెంట్లు అక్కర్లేదు. సిరిసిల్లలో పడుగు పట్టే ఏ వార్పిన్ కార్మికుణ్ని అడిగినా వేళ్లు మడిచి లెక్క చెబుతాడు: నూలు రావడానికి ఇన్ని రోజులు, భీములు పట్టడానికి ఇన్ని, నేతకు ఇన్ని. బిల్లు రావడానికి ఎన్నని మాత్రం అడగొద్దు, వేళ్లు చాలవు.