వెర్షన్ 1: ఒక వైఫై డాంగిల్ ఆత్మకథ

నీ సంగతేమిటో చెప్పమంటే ఈ డాంగిల్ మొదట చెప్పేది లోపలి చిప్ పేరు: ఏథెరోస్ ఏఆర్9271. డబ్బా మీద ఉన్నది టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్. అదే మోడల్ నంబరుతో తర్వాత వచ్చిన రెండో, మూడో వెర్షన్లలో రియల్‌టెక్ చిప్ ఉంటుంది. పైకి చూస్తే తేడా కనిపెట్టడం కష్టం. లినక్స్‌కు మాత్రం ఆ రెండు చిప్‌లూ వేర్వేరు పరికరాలు, ఒకదాని డ్రైవర్ ఇంకోదాన్ని గుర్తుపట్టదు.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత సామాను అమ్మే ఒక షాపులో చాలాకాలం పడి ఉంది ఇది. ఒకరోజు ఒకామె వచ్చి, చేతిలోకి తీసుకుని, ధర అడగకుండా ముందు వెనక్కి తిప్పి చూసింది. లేబుల్ అరిగిపోయి ఉంది.

“అన్నా, ఇది ఏ వెర్షన్?”

“అన్నీ ఒకటే అక్కా. పెట్టంగనే పనిచేస్తది.”

“లినక్స్‌లో కూడానా?”

“అది నాకు తెల్వదు. ల్యాప్‌టాప్ తెచ్చిన్రు గదా, పెట్టి చూస్కోండ్రి.”

ఆమె సంచిలోంచి తీసింది 2008 నాటి ల్యాప్‌టాప్. అందులో డెబియన్ లినక్స్ ఉంది. డాంగిల్ గుచ్చి, టెర్మినల్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ అని కొట్టింది. జాబితాలో ఒక వరుస దగ్గర ఆమె వేలు ఆగింది: 0సీఎఫ్3:9271. కోలన్‌కు ముందున్నది కంపెనీ గుర్తు, తర్వాతది పరికరం గుర్తు. రెండో వెర్షనే అయితే అక్కడ 2357:010సీ అని ఉండేది. డబ్బా చెప్పని మాట ఈ ఎనిమిది అక్షరాలు చెబుతాయి. పాత కంప్యూటర్‌కు ఏ పరికరం కొనాలన్నా ముందు ఈ నంబరు చూసుకోవాలని ఈ డాంగిల్ గట్టిగా నమ్ముతుంది.

ఆ తర్వాత జరిగినదంతా కెర్నల్ లాగ్‌లో ఉంది. ఏఆర్9271 తన ఫర్మ్‌వేర్‌ను తనలో దాచుకోదు. గుచ్చిన ప్రతిసారీ కెర్నల్ సుమారు 50 కిలోబైట్ల ఫైలును యూఎస్‌బీ ద్వారా దాని మెమరీలోకి పంపాలి. అది అందాకే చిప్‌లోని చిన్న ప్రాసెసర్ పని మొదలుపెడుతుంది. ఆ ఫైలు లేకపోతే డ్రైవర్ ఉన్నా లాభం లేదు.

డ్రైవర్ 2010లో, 2.6.35 కెర్నల్‌తో లినక్స్‌లో చేరింది. ఈ డాంగిల్ ఎక్కువ గర్వంగా చెప్పుకునేది 2013 సంగతి. అప్పటికి ఏథెరోస్ క్వాల్‌కామ్ చేతిలో ఉంది. ఆ ఏడాది ఫర్మ్‌వేర్ సోర్స్ కోడ్ కూడా బయటికి వచ్చింది. వైఫై చిప్‌లలో ఇది చాలా అరుదు. అందుకే డెబియన్ ఆ ఫర్మ్‌వేర్‌ను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉండే తన మెయిన్ విభాగంలోనే పెట్టుకుంది. డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటే కొత్త కెర్నల్ వచ్చినప్పుడు అదీ వెంట వస్తుంది. బయటి నుంచి తెచ్చుకున్న డ్రైవర్‌నైతే కెర్నల్ మారిన ప్రతిసారీ మళ్లీ కంపైల్ చేయాలి. ఒక్కోసారి అది కంపైల్ కూడా కాదు.

ఇంతకీ ఆమె డాంగిల్ కోసమే ఎందుకు వచ్చింది? ల్యాప్‌టాప్ లోపలి వైఫై కార్డు పోయింది. వేరే కార్డు బిగిస్తే, తన జాబితాలో లేని కార్డని బయాస్ బూట్ ఆపేసింది. ఆ రోజుల్లో కొన్ని ల్యాప్‌టాప్‌లకు తయారీదారులే అలాంటి తాళం వేసేవారు. యూఎస్‌బీకి ఆ తాళం వర్తించదు. మిగతా విడిభాగాలకు అంత వెతుకులాట అక్కర్లేకపోయింది. ర్యామ్ డీడీఆర్2 కావాలి, డీడీఆర్3లో గాడి వేరేచోట ఉంటుంది కాబట్టి స్లాటులో కూర్చోదు. సాటా ఎస్ఎస్‌డీ ఎంత కొత్తదైనా పాత సాటా వేగానికి తగ్గి పనిచేస్తుంది.

తన హద్దులూ ఈ డాంగిల్ దాచదు. అది 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తుంది, కాగితం మీద గరిష్ఠ వేగం 150 ఎంబీపీఎస్. 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఇచ్చే రౌటర్ దానికి అసలు కనబడదు. ఆమె చెల్లెలి ఇంట్లో రౌటర్ అలాంటిదే. అందుకని చెల్లెలి పాత కంప్యూటర్ కోసం ఆమె ఇప్పుడు మీడియాటెక్ ఎంటీ7612యూ చిప్ ఉన్న డాంగిల్ వెతుకుతోంది. దాని డ్రైవర్ 2018లో 4.19 కెర్నల్‌లో చేరింది. వచ్చే ఆదివారం మళ్లీ చెనాయ్‌కి వెళ్తుందట, ల్యాప్‌టాప్‌తో సహా.