దయ్యమెంత మంచి దయితుడో: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

మా ఊళ్లో బస్టాండు వెనక సందులో ఒక అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. రోజుకి అర్ధరూపాయి. అక్కడ ఒక కథల సంపుటి దొరికేది. అట్ట ఏనాడో ఊడిపోయింది, మొదటి పదహారు పేజీలూ అట్ట వెంటే వెళ్లాయి. అందుచేత పేరేమిటో, రాసిందెవరో ఎవరికీ తెలియదు. కొట్టాయన మాత్రం ఖాతాలో 'దయ్యం లవ్వు' అని రాసుకునేవాడు. పన్నెండు కథలు మిగిలాయి. ప్రతి కథలోనూ ఒకరు బతికున్నవాళ్లు, ఒకరు పోయినవాళ్లు, ఇద్దరికీ విడదీయరాని ప్రేమ.

ఆ పుస్తకంలో అచ్చయిన కథలకంటే అంచుల్లో పెన్సిలుతో రాసినవే నాకు బాగా గుర్తు. ఒకరు 'ఏడుపొచ్చింది' అని రాశారు. దాని కిందే మరో చేతిరాత: 'నాకూ వచ్చింది, అర్ధరూపాయి పోయినందుకు.' మూడో కథ చివర ఎవరో 'ఇలాంటి దయ్యం ఒకటి దొరికితే చాలు' అని నిట్టూర్చారు. పక్కన జవాబు: 'మా ఇంట్లో ఉంది, తీసుకుపొండి.' ఈ పాఠకాభిప్రాయాలన్నిటినీ పోగేసి ఒక ఆటవెలది కట్టాను. దానికి వ్యాఖ్యానం రాసేవాళ్లు ఎంతకీ ముందుకు రాకపోయేసరికి నేనే పూనుకున్నాను. తన కావ్యానికి తానే రాసుకున్న వ్యాఖ్యను సంస్కృతంలో స్వోపజ్ఞం అంటారు. తెలుగులో తన డప్పు తానే కొట్టుకోవడం అంటారు.

మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మహానుభావుడు కోలాచల మల్లినాథ సూరి. మన మెదక్ జిల్లా కొల్చారం ఆయనది అంటారు. ఆ రెండు ఒట్లనూ ఇక్కడ గట్టున పెట్టబోతున్నాను గనక ముందే ఆయనకొక నమస్కారం.

మూలము

ఆ.వె.
దయ్యమెంత మంచి దయితుడో యని యొక్క
చదువరమ్మ యేడ్చెఁ జారెడంత
కట్టుకథల కింత కన్నీర దేలయా
యనుచు నొకడు పేజి యంచుఁ జించె

ప్రతిపదార్థము

దయ్యము = చచ్చినా పోనివాడు; ఎంత మంచి దయితుడో = ఎంత చక్కని ప్రియుడో; అని = అనుకొని, ఇంట్లో ఎవరికీ వినపడకుండా అనుకొని; ఒక్క చదువరమ్మ = అద్దె పుస్తకం తెచ్చుకున్న ఒకానొక ఇల్లాలు; చారెడంత = ఒక చేతి గుంటకు సరిపడా; ఏడ్చెన్ = ఏడ్చింది; కట్టుకథలకు = జరగని సంగతులకు; ఇంత కన్నీరు అది = ఇంత లావు ఏడుపు; ఏల అయా = ఎందుకండీ; అనుచున్ = అని గొణుగుతూ; ఒకడు = ఒక మగమహారాజు; పేజి అంచున్ = పుట పక్కనున్న తెల్లచోటును; చించెన్ = చించాడు.

టీక

దయ్యము. ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. దైవము అనే సంస్కృత పదానికి వికృతి దయ్యము. పాత తెలుగులో దేవుడికీ ఇదే మాట, పిశాచానికీ ఇదే మాట. పైకి చూస్తున్నామో పక్కకి చూస్తున్నామో దాన్నిబట్టి అర్థం తేల్చుకోవాలి. పతియే ప్రత్యక్ష దైవం అని పెళ్లిలో పెద్దలు చెప్పిన మాటను తద్భవంగా మార్చి చూడండి, చదువరమ్మ ఈ సంపుటిని ఎందుకు అద్దెకు తెచ్చుకుందో సగం తెలిసిపోతుంది.

దయితుడు. దయలోంచి పుట్టినవాడు. పద్యంలో దయ్యానికీ దయితుడికీ యతి కుదిరింది. ఛందస్సు దీన్ని మైత్రి అంటుంది. ఛందస్సు ఒప్పుకున్న సంబంధానికి మేనమామలను అడగక్కర్లేదు.

శంక: బతికున్నవాళ్లు ఇంతమంది ఉండగా దయ్యం మంచి దయితుడు ఎలా అయ్యాడు? సమాధానం పుస్తకం అంచునే ఉంది. అయిదో కథ పక్కన, సన్నటి అక్షరాలతో: 'పిలిస్తే వస్తాడు.' వ్యాఖ్యాతగా దీనికి నేను చేర్చగలిగింది ఏమీ లేదు. బతికున్నవాడు పిలిస్తే 'ఆఁ' అంటాడు. పేపరు మడత మాత్రం విప్పినది విప్పినట్టే ఉంటుంది.

మరో శంక, ఇది పండితులది. శృంగారానికీ భయానకానికీ పడదని అలంకార శాస్త్రం చెబుతోంది, రెండూ విరోధి రసాలు. ప్రేమకథలో దయ్యాన్ని పెడితే రసభంగం కాదా? కాదు. ఈ జాతి కథలకి మనవాళ్లు ఏనాడో ఒక అర కేటాయించి పెట్టారు. సాహిత్యదర్పణంలో విశ్వనాథుడు విప్రలంభ శృంగారాన్ని నాలుగు రకాలుగా విడగొట్టాడు. పూర్వరాగం, మానం, ప్రవాసం, నాలుగోది కరుణ విప్రలంభం. ప్రేమికుల్లో ఒకరు లోకాంతరానికి పోయినా మళ్లీ దొరుకుతారనే ఆశ మిగిలి ఉంటే అది నాలుగో రకం. ఆశ లేకపోతే ఉత్త కరుణ. చావుకీ శృంగారానికీ మధ్య గీత ఎక్కడుందంటే, తిరిగొస్తాడన్న ఆ ఒక్క మాట దగ్గర.

ఉదాహరణ ఏడో శతాబ్దంలో బాణుడు రాసిన కాదంబరి. పుండరీకుడనే ముని కుర్రవాడు విరహంతో ప్రాణం విడిచాడు. మహాశ్వేత చితి పేర్చుకోబోతే ఆకాశంనుంచి ఒక దివ్యపురుషుడు దిగి శవాన్ని ఎత్తుకుపోతూ, ఆగు, మళ్లీ కలుస్తారు అన్నాడు. ఆగింది. అతను మరో జన్మ ఎత్తి, వైశంపాయనుడై ఆమె దగ్గరికే వచ్చి వెంటపడ్డాడు. ఎదురుచూస్తున్నవాడే వచ్చాడని తెలియక విసిగిపోయి, చిలకవై పుట్టమని శపించింది. మా అద్దె సంపుటిలో పన్నెండు కథలు కలిపినా ఇంత ఘోరం లేదు. ఇంతా చేసి బాణుడు పుస్తకం ముగించకుండానే పోయాడు, మిగతాది కొడుకు రాశాడు. చివరి పేజీలు లేని పుస్తకం అద్దె కొట్టులోనే దొరుకుతుందనుకోవడం పొరపాటు. కొట్టాయనకి ఈ శాస్త్రమేదీ తెలియక ఆ సంపుటిని ఊరగాయల పుస్తకం పక్కన పెట్టాడు.

చదువరమ్మ. చదువరికి అమ్మ చేరింది. వ్యాకరణం సంగతి నన్ను అడక్కండి, గణం కుదిరింది.

చారెడంత. పిడికెడు, చారెడు, దోసెడు వరసగా కొలతలు. ఒంటిచేతిని గుంట చేస్తే పట్టేది చారెడు. తెలుగులో అందమైన కళ్లను చారెడేసి కళ్లు అంటాం కాబట్టి ఆ కళ్లకి ఈ కన్నీరు సరితూకం. పూర్వపక్షం వారు, నలభై మూడో పేజీ మీద ముడతలు కన్నీటివి కావు, కాఫీవి అంటారు. కాఫీ అయితే రంగు ఉండాలి. చారు అయితే పోపు గింజ కనపడాలి. కాబట్టి కన్నీరే.

ఏడ్చెన్. ఈ ఏడుపుకు పూర్వప్రమాణం కథాసరిత్సాగరంలో ఉంది. గుణాఢ్యుడు సాతవాహన రాజు కొలువులో మంత్రి. రాజుకి వ్యాకరణం ఆరేళ్లలో నేర్పుతానని ఈయన అంటే, ఆరు నెలలు చాలని శర్వవర్మ అన్నాడు. అలా నేర్పితే సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదిలేస్తానని గుణాఢ్యుడు పందెం కాసి ఓడిపోయాడు. మూడు భాషలూ పోగా మిగిలింది పైశాచి, అంటే దయ్యాల మాట. అడవిలో సిరా ఎక్కడిది? తన నెత్తురుతోనే ఏడేళ్లు కూచుని ఏడు లక్షల శ్లోకాల బృహత్కథ రాశాడు. శిష్యులు దాన్ని ప్రతిష్ఠానపురానికి మోసుకెళ్లి రాజుకి చూపించారు. దయ్యాల భాష, నెత్తుటి రాత, ఛీ పొమ్మన్నాడు రాజు. మన కథల చరిత్రలో నాకు తెలిసిన మొదటి ప్రతికూల సమీక్ష అదే. చదవకుండానే చేశాడన్నది గమనార్హం.

గుణాఢ్యుడు కొండమీద నిప్పు రాజేసి, ఒక్కో ఆకూ పైకి చదువుతూ, చదివిందల్లా మంటలో వేస్తూ పోయాడు. లేళ్లూ దున్నలూ పందులూ చుట్టూ చేరి, మేత మానేసి, కన్నీళ్లు కారుస్తూ విన్నాయట. ఇది మొదటి అనుకూల సమీక్ష. దాని ఫలితం వంటింట్లో తేలింది. జంతువులు మేత మానేయడంతో వేటలో దొరికిన మాంసం ఎండిపోయి, అది తిని రాజుకి జబ్బు చేసింది. వంటవాళ్లు వేటగాళ్ల మీద చెప్పారు, వేటగాళ్లు కొండమీది బాపనాయన మీద చెప్పారు. రాజు పరిగెత్తుకొచ్చేసరికి ఆరు లక్షల శ్లోకాలు బూడిద, ఒక లక్ష మిగిలింది. ఆ రాజుగారికి సాహిత్యాభిమానం పొట్ట మీదుగా వచ్చింది. అందుకని తప్పు పట్టను. చాలామందికి అంతకంటే దారుణమైన దారుల్లో వస్తుంది.

కట్టుకథలకు. ఇక్కడ రెండో పాఠకుడు రంగప్రవేశం చేస్తున్నాడు. ఇతని చేతిరాత పుస్తకం నిండా ఉంది: 'అబద్ధం', 'సైన్సు ప్రకారం కుదరదు', 'దయ్యానికి నీడ ఉంటుందా?' ఆఖరిది మంచి ప్రశ్నే గానీ సైన్సును నమ్ముకున్నవాడు అడగాల్సింది కాదు. కట్టు అన్న ధాతువు గురించి ఇతను ఆలోచించలేదు. ఇల్లు కడతాం, తాళి కడతాం, పద్యం కడతాం, కథా కడతాం. కట్టనిదేదో ఉంటే అది ఇంకా గడ్డి మేస్తూ తిరుగుతూ ఉంటుంది.

ఇతని మీద నాకున్న అసలు అభ్యంతరం వేరు. దయ్యం చెప్పిన ప్రేమకథల మీద అభిప్రాయం చెప్పడంలో మనకొక ఆదిగురువు ఉన్నాడు. కథాసరిత్సాగరం రాసిన సోమదేవుడు అతన్ని త్రివిక్రమసేనుడన్నాడు, గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానం ఏలినవాడు. మనకి విక్రమార్కుడు. భుజాన శవం, శవంలో బేతాళుడు. కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే శవం చెట్టెక్కుతుంది. ఇంత ఇరుకున పడిన సమీక్షకుడు మళ్లీ పుట్టలేదు.

మందారవతి కథ చూడండి. ఆమెకోసం ముగ్గురు కాచుకుని ఉండగానే జ్వరంతో పోయింది. ఒకడు ఆమె చితిభస్మం మీదే పడుకున్నాడు. ఒకడు ఎముకలు గంగకి తీసుకెళ్లాడు. ఒకడు దేశాలు తిరిగి, చచ్చినవాళ్లను లేపే మంత్రం సంపాదించుకొచ్చి ఆమెను బతికించాడు. ముగ్గురిలో భర్త ఎవరు? బతికించినవాడు ప్రాణమిచ్చాడు గనక తండ్రి, ఎముకలు గంగలో కలిపినవాడు కొడుకు, బూడిద మీద ఆమెతోపాటు పడుకున్నవాడే భర్త అన్నాడు రాజు. జవాబు సరైనదే, శవం చెట్టెక్కింది.

గమనించండి, బూడిదలోంచి పిల్ల లేవడం సాధ్యమా అని రాజు అడగలేదు. మాట్లాడే శవాన్ని భుజాన మోస్తున్నవాడికి ఆ ప్రశ్న వేసే హక్కు లేదని అతనికి తెలుసు. దయ్యం ఉందా లేదా అన్నది పుస్తకం తెరవకముందే తేల్చుకోవాల్సిన సంగతి. తెరిచాక అడగాల్సింది, బూడిద మీద ఎవరు పడుకున్నారని. హేతువాదిగా పేరుపడ్డ కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామను నడిపారు. పాత పాతిక కథలూ అయిపోయాక కూడా నెలనెలా కొత్త కథతో బేతాళుణ్ణి చెట్టెక్కించారు. దయ్యాన్ని నమ్మక్కర్లేకుండా దాని కథకి న్యాయం చెప్పవచ్చునన్నదానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఎక్కడా వెతకను.

పేజి యంచుఁ జించె. పాఠాంతరం: 'యనుచు నొకతె'. గణభంగం లేదు గానీ, చించినచోట మిగిలిన ముక్క మీద బీడీ కాలిన మచ్చ ఉంది గనక ఒకడు అన్న పాఠమే గ్రాహ్యం. ఎందుకు చించాడు? కోపంతో అని ఒక మతం. పొడుం పొట్లానికి అని మరో మతం. చదువరమ్మ అక్కడ ఏదో రాసింది, అది దాచుకున్నాడు అని మూడో మతం. ఈ మూడోది నాది. ప్రమాణం: అంచు పోయింది గానీ కథలో ఒక్క అక్షరం తెగలేదు. బొత్తిగా నచ్చనివాడు అంత జాగ్రత్తగా చించడు.

అలంకారం ఏమిటంటారా? ఉంటే మీరే చూసుకోండి.

తాత్పర్యము

ఒకావిడ ఏడ్చింది. ఒకాయన ఎందుకేడుస్తావన్నాడు. ఇద్దరూ ఆఖరి పేజీ దాకా చదివారు.

విశేషము

పైన ఆఖరి పేజీ అన్నాను గానీ, ఆఖరిదైన పన్నెండో కథ సంగతి వేరు. ఆ పేజీల అంచుల్లో ఒక్క గీతైనా లేదు. ముసలాయన ఒకడు రోజూ సాయంత్రం రెండు గ్లాసుల్లో కాఫీ పోస్తాడు. పోయిన భార్య వచ్చి ఎదురుగా కూచుంటుంది. ఒకనాడు గ్లాసు చల్లారిపోతుంది, ఆవిడ రాదు. ఆయన వీధిలోకి వచ్చి నిలబడతాడు. ఇంకా రెండు పేజీలున్నాయి. అక్కడ ఎవరో నాలుగు మడతలు పెట్టిన బస్సు టికెట్టు ఉంచారు. సైన్సు పాఠకుడు కూడా ఇక్కడ నోరు మెదపలేదు.

బేతాళుడి ఇరవై నాలుగో కథ కూడా ఇలాంటిదే. ఒక తల్లీకూతుళ్లలో కూతుర్ని ఒక తండ్రీ, తల్లిని అతని కొడుకూ పెళ్లాడితే పిల్లల వరస ఏమిటని అడిగాడు. రాజుకి జవాబు తోచలేదు, శవంతో అలాగే నడిచాడు. ఇరవై మూడు సరైన జవాబులకి చెట్టెక్కినవాడు ఆ మౌనానికి మెచ్చి భుజం దిగకుండా, ముందున్న గండం సంగతి చెప్పి రాజును కాపాడాడు.

టికెట్టు తీసి చూశాను. ఊరి పేరు చెరిగిపోయింది. ఆ రెండు పేజీలూ విప్పకుండా, టికెట్టును ఎప్పటిలా అక్కడే పెట్టి, పుస్తకం తిరిగి ఇచ్చేశాను. కొట్టాయన పేజీలు తిరగేసి చూసి, రెండు రోజులైంది, రూపాయి అన్నాడు.