నేను వెండిని కాను: ఒక పిట్ట రింగు ఆత్మకథ

నన్ను చేతిలోకి తీసుకున్న ప్రతివాళ్లూ ముందు అడిగేది ఒకటే: "వెండా?" కాదు, అల్యూమినియం. ఆ ముక్క తెలియగానే కొందరు పక్కన పడేస్తారు. ఇంకొందరు పంటితో ఒకసారి కొరికి చూసి మరీ పడేస్తారు. ఒంటినిండా అక్షరాలున్నాయే, పక్కన అంకెలున్నాయే, ఎవరో ఏదో పని మీదే వీటిని కొట్టి ఉంటారే అన్న అనుమానం మాత్రం ఎవరికీ రాదు. లోహం ధర అడిగేవాళ్లే గానీ రాత చదివేవాళ్లు లేరు.

వలసపిట్ట కాలికి వేసే రింగును నేను. పుట్టుక గురించి చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. రేకు కోశారు, నంబరు కొట్టారు, వంచారు, తోటివాళ్లతో కలిపి తీగకు గుచ్చారు. బరువు గ్రాములో చిన్న తునక. నా నంబరు నాకొక్కదానికే, మరో రింగుకు వెయ్యరు. దాని పక్కనే, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి తెలియజేయండి అని ఇంగ్లీషులో పొట్టిగా ఉంటుంది. రసీదు పుస్తకంలో చించి ఇచ్చిన సగం చీటీ ఎలాంటిదో నేనూ అలాంటిదాన్నే. రెండో సగం రిజిస్టర్లో ఉంటుంది. రెండూ కలిస్తేనే లెక్క.

ఒళ్లు చిన్నదే గానీ వంశం చిన్నది కాదు. డెన్మార్క్‌లో హాన్స్ క్రిస్టియన్ మార్టెన్‌సెన్ అని ఒక బడిపంతులు ఉండేవాడు. మొదట జింకు రేకుతో ప్రయత్నించి, పిట్టకు బరువవుతోందని మానేశాడు. 1899లో నంబరు వేసిన అల్యూమినియం రింగులు స్టార్లింగ్ పిట్టలకు తొడిగాడు. పిట్ట కాలికి గుర్తు కట్టే సరదా రాజుల కాలం నుంచీ ఉన్నదే. నంబరు వేసి, చిరునామా వేసి, లెక్క రాసి పెట్టుకోవడం ఆయనతో మొదలైంది.

మన దేశంలో మావాళ్లకు చేతినిండా పని దొరికింది ఒక అపవాదు వల్ల. 1957లో కర్ణాటకలోని షిమోగా అడవుల్లో కోతులు చచ్చిపోసాగాయి, మనుషులకు జ్వరాలు వచ్చాయి. దానికి క్యాసనూరు అడవి జబ్బు అని పేరు పెట్టారు. ఆ జబ్బు తెచ్చే వైరస్‌కు రష్యా, సైబీరియా వైపు ఉండే మరో వైరస్‌తో దగ్గర చుట్టరికం ఉందని తేలింది. సైబీరియా నుంచి మనదాకా వచ్చేదెవరు? పిట్టలు. అవే ఒంటి మీద పిడుదులను మోసుకొచ్చి ఉంటాయని అనుమానించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో 1959లో సాలిం అలీ ఆధ్వర్యాన పెద్ద ఎత్తున రింగులు వేయడం మొదలైంది. పిట్టల మీద నేరం రుజువు కాలేదు. ఆ వంకతో అవి ఎక్కడ పుట్టి, ఎక్కడ ఆగి, ఎక్కడికి చేరుతున్నాయో మాత్రం బయటపడింది. దర్యాప్తులన్నీ ఇంత బాగా ముగిస్తే ఎంత బాగుండును!

నాకు కాలు దొరికింది కోడిక్కరైలో. తమిళనాడు తీరం దక్షిణానికి దిగుతూ దిగుతూ ఒక్కసారిగా పడమటికి తిరిగే మూల అది. ఇంగ్లీషువాళ్లు పాయింట్ కాలిమియర్ అన్నారు. పక్కనే వేదారణ్యం, 1930లో రాజాజీ నడిచి వెళ్లి ఉప్పు తీసిన చోటు. ఒక వైపు బంగాళాఖాతం, ఒక వైపు పాక్ జలసంధి, వెనక మైళ్లకొద్దీ బురదనేల, ఉప్పుమళ్లు, పొట్టి అడవి, అందులో కృష్ణజింకలు. 1967లో అభయారణ్యమైంది, 2002లో రామ్సర్ చిత్తడినేలల జాబితాకెక్కింది. పొన్నంకి పిట్టలాంటి అడవిపిట్టలు ఆ కొస దాకా వచ్చి సింహళానికి దాటుతాయి. బురదపిట్టల్లో చాలావాటికి మాత్రం ఆ కొసే గమ్యం.

అక్కడ శరత్తు అంటే ఆగస్టు నుంచి నవంబరు దాకా. ఆ నాలుగు నెలలూ ఎవరు ఎప్పుడు వచ్చారన్నది రాసిపెట్టడమే పని. ముందు పెద్దపిట్టలు దిగుతాయి. ఎండాకాలపు ఎర్రరంగు ఇంకా పూర్తిగా వదలక, రొమ్ము మీద మచ్చలు మచ్చలుగా ఉంటుంది. పిల్లపిట్టలు తరవాత వస్తాయి. వీపు మీది ఈకలకు లేత అంచులుండి పొలుసుల్లా కనిపిస్తాయి. తల్లీ తండ్రీ ముందే బయల్దేరి వచ్చేస్తే, పుట్టి రెండు మూడు నెలలైనా కాని పిల్లలు దారి చూపే పెద్దదిక్కు లేకుండా వేల కిలోమీటర్లు వాటంతట అవే వస్తాయి. దీన్ని విన్నవాళ్లు ఆహా అంటారు. రాసినవాళ్లు కళ్లు నలుపుకుని తరవాతి పిట్టను అందుకుంటారు.

పని సాగేది చీకటి రాత్రుల్లోనే. వెన్నెలుంటే పిట్టలు వలను పసిగడతాయి. బురదలో కర్రలు పాతి, కంటికి ఆనని సన్నని వల కడతారు. పిట్ట పట్టడంలో తరతరాల చేయి తిరిగిన బీహారు మీర్‌షికార్లు ఈ పనిలో గురువులు. ఒకప్పుడు బజారు కోసం పట్టిన చేతులే సైన్సు కోసం పట్టాయి. పట్టినదాన్ని గుడ్డసంచిలో వేసి తూస్తారు. రెక్క పొడవు, ముక్కు పొడవు కొలుస్తారు. రెక్కలోని పెద్ద ఈకల్లో పాతదానికి సున్నా, పూర్తిగా ఎదిగిన కొత్తదానికి అయిదు చొప్పున ఒక్కోదానికీ మార్కులు వేస్తారు. లాంతరు వెలుతురులో ఒకరు చెబుతుంటే ఒకరు రాస్తారు.

నా వంతు ఒక అక్టోబరు రాత్రి వచ్చింది. యాభై గ్రాముల పిల్లపిట్ట. ఇంగ్లీషులో కర్ల్యూ శాండ్‌పైపర్. మన భాషలో చెప్పాలంటే ఉల్లంకి జాతి, ముక్కు కొస కిందికి వంగినది. పటకారుతో కాలి చుట్టూ నన్ను మూశారు. నంబరు గట్టిగా చదివారు, రాసేవాడు మళ్లీ చదివి వినిపించాడు. ఒక్క అంకె తప్పితే నా బతుకే తప్పు. ఇంత జాగ్రత్తగా నా పేరు పలికిన మనుషులను ఆ తరవాత ఒక్కసారే చూశాను.

మొదటి ఎండాకాలం నా పిట్ట ఎక్కడికీ పోలేదు. ఆ వయసువి చాలావరకు దక్షిణానే ఉండిపోతాయి. మరుసటి ఏడు వసంతంలో ఒళ్లంతా కొవ్వు పట్టించుకుని, ఎర్రరంగు తొడుక్కుని, గుంపుతో లేచింది. సైబీరియా ఉత్తరపు కొసన చెట్టన్నది లేని టండ్రా. సూర్యుడు అస్తమించడమే మరిచిపోయిన వేసవి. ఈ జాతిలో మగవాడు గుడ్లు పెట్టించడం వరకే, పొదిగే ఊసెత్తడు. పిల్లలు పుట్టకముందే దక్షిణపు దారి పట్టేస్తాడు. నా పిట్ట ఆడది. గుంతలో నాలుగు గుడ్లు పెట్టి తనొక్కతే కూర్చుంది, కడుపు కింద నేను.

అక్కడే ఒక సంగతి నేర్చుకున్నాను. టండ్రాలో లెమ్మింగులని బొద్దెలుకలుంటాయి. కొన్నేళ్లు పుట్టలుపుట్టలుగా పెరుగుతాయి, కొన్నేళ్లు కనిపించవు. అవి ఉంటే నక్కలు వాటినే తింటాయి, లేకపోతే గుడ్ల మీద పడతాయి. మా మొదటి గూడు నక్క పాలైంది. ఆ ఏడు కోడిక్కరైలో వల వేసినవాళ్లు పెద్దపిట్టలే చిక్కుతున్నాయి, పిల్లలు లేవు అని రాసుకున్నారు. తమిళ బురదలో నిలబడి సైబీరియా ఎలుకల కరువును లెక్క కట్టారన్నమాట. అందుకే ఎన్ని పిట్టలన్న ఒక్క అంకె వాళ్లకు చాలదు. పిల్లలెన్ని, పెద్దలెన్ని, వేటికి రింగుంది అని ఏటేటా రాస్తారు.

నా గర్వమంతా ఒక్క రాత్రిది. ఇంకో శరత్తులో అదే బురదలో నా పిట్ట మళ్లీ వలలో పడింది. "రీట్రాప్!" అని కేక. భూతద్దం తెచ్చారు. పాత రిజిస్టరు తిరగేశారు. సగం చీటీలు కలిశాయి. అంత దూరం పోయిన పిట్ట ఇంత విశాలమైన తీరంలో మళ్లీ ఆ మడుగుకే వచ్చిందని చెప్పడానికి ప్రపంచంలో నా ఒక్కదాని సాక్ష్యమే దిక్కు. మడుగు ఎండినా, ఉప్పుమడిగా మారినా, రొయ్యల చెరువైనా పక్కకు పోతాయిలే అనేవాళ్లకు అదే జవాబు. అలవాటుపడ్డ చోటు పోతే చిన్నపిట్టకు పక్కచోటు సిద్ధంగా ఉండదు. కోడిక్కరైలో ఈ పిట్టలు మునుపటికంటే బాగా తగ్గాయని ఆ రిజిస్టర్లే చెప్పాయి. 2024లో ఈ జాతిని ముప్పు పొంచి ఉన్నవాటి జాబితాకు మార్చారు.

ఇక నా పతనం సంగతి. ఒక ఏడు దిగుతూ దిగుతూ పులికాట్ దగ్గర ఆగాం. ఆ ఒడ్డువాళ్లు ప్రళయకావేరి అంటారు. ఫ్లెమింగోల కోసం బస్సులేసుకుని వచ్చే జనం ఉంటారు గానీ, వాటి కాళ్ల సందున పరుగెత్తే బూడిదరంగు పిట్టను చూసేవాళ్లుండరు. చూసేది వలవాడొక్కడే. తెల్లారేసరికి గంపలో మా పిట్టతో పాటు నేనూ ఉన్నాను. ఈకలు పీకుతుండగా నేను ఆ ఇల్లాలి వేలికి తగిలాను.

"ఏమయ్యా, దీని కాలికి ఏందో ఉండాదే. వెండేమో చూడు."

ఆయన కొరికి చూశాడు. చదువుకుంటున్న కొడుకు లాక్కుని ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు. "నాయనా, బాంబే అని ఉండాది. చెప్పమంటా ఉండారు."

నా ప్రాణం లేచొచ్చింది. పిల్లవాడు చదివాడు! అయిదు నిమిషాల్లో నేను రిజిస్టరెక్కాల్సిందే.

"చెప్తే ఇంకేమన్నా ఉండాదా? పిట్టను పట్టినామని కేసు పెడతారు. నోరు మూసుకో."

ఆయన్ని పూర్తిగా తప్పుపట్టలేను. చట్టం ఉంది, భయం ఉంది. కానీ నాకు ఆయన పేరు అక్కర్లేదు. ఏ చోట, ఏ రోజు, అంతే కావాలి. వేసిన రింగుల్లో వందకు ఒకటి కూడా కబురు చేయదంటే కారణం పిట్టలు సముద్రంలో పడటం ఒక్కటే కాదు, ఇలాంటి వాకిళ్లు కూడా. ఇంకో రకం భయం కూడా ఉంది. 2013లో ఈజిప్టులో వీపున ట్రాకర్ ఉన్న కొంగను గూఢచారి అనుకుని పట్టి ఠాణాలో పెట్టారు. నిర్దోషి అని వదిలేశారు. వదిలాక ఎవరో వండుకు తినేశారు.

అలా తగరపు డబ్బాలోకి చేరాను. గాలాలు, సీసపు గుండ్లు, ఊడిన గుండీలు, పనిచేయని వాచీ. ఇంటి చిన్నపిల్ల కొన్నాళ్లు నన్ను బొమ్మకు గాజు చేసింది, అవి కాస్త మంచిరోజులు. బొమ్మ చెయ్యి ఊడాక మళ్లీ డబ్బా. ఉప్పుగాలి అల్యూమినియాన్ని మెల్లగా తింటుంది. సముద్రం మీదే బతికే పక్షులకు అందుకే గట్టి లోహంతో చేస్తారు. నా అంకెల్లో మూడు ఎనిమిదిలా కనిపించడం మొదలైంది. ఎదురుచూడటానికి నాకు అభ్యంతరం లేదు. చదవడానికి పనికిరాకుండా పోతూ ఎదురుచూడటం వేరు. ఆ కొడుకు పెద్దవాడై, ఫోను కొని, అందులో ప్రపంచమంతా వెతుకుతూ నా డబ్బా పక్కనే కూర్చునేవాడు. నంబరు పంపడానికి ఇప్పుడు కవరూ స్టాంపూ కూడా అక్కర్లేదు. అతనికి నేను గుర్తే లేను.

ఇల్లు కొత్తది కడుతూ డబ్బాను పాతసామాన్లవాడికి వేశారు. తక్కెడలో నా బరువు కనిపించనైనా లేదు. ఇప్పుడు కొట్టు వెనక అల్యూమినియం పోగులో, సొట్టపోయిన బొచ్చెలకింద ఉన్నాను. త్వరలో కరిగించి ఏ గరిటెగానో పోస్తారట. గరిటె నంబరును ఎవరూ అడగరు. రిజిస్టర్లో నా వరస మాత్రం ఇంకా తెరిచే ఉంది. రీట్రాప్ తరవాతి గడి ఖాళీ. చదివినవాళ్లు పిట్ట ఎక్కడో బతికుందేమో అనుకుంటారు. పులికాట్ పేరు ఆ గడిలో పడి ఉంటే, ఆ పిట్టలు ఎక్కడెక్కడ ఆగుతాయో, అక్కడ వాటికి ఏమవుతోందో ఒక చుక్క ఎక్కువ తెలిసేది.

నా సంగతి అయిపోయింది, మీకు పనికొచ్చేది చెబుతాను. కాలికి రింగో రంగు పట్టీనో ఉన్న పిట్ట కనిపిస్తే ఫొటో తీయండి. నంబరు ఉన్నదున్నట్టు, తెలియని అంకెను ఊహించకుండా రాయండి. చోటు, తేదీ, బతికి ఉందా చచ్చిందా అన్నది చేర్చి సొసైటీకి పంపండి. బతికున్నదాని కాలి నుంచి రింగు లాగకండి, కాలు విరుగుతుంది. "చెబితే మనకేమిస్తారు?" అని అడిగేవాళ్లుంటారు. ఆ పిట్టకు ఏ ఊళ్లో, ఏ రోజు రింగు వేశారో జవాబు వస్తుంది. దానికి మించి పైసా రాదు. అది చాలదనుకునేవాళ్ల చేతుల్లో పడటమే మా జాతి కర్మ.